ఏడో అధ్యాయంలోని గది

జూన్ 9

పెదనాన్నా,

నువ్వు కులాసా అని నాకు తెలుసు. కులాసాగా లేనప్పుడు కూడా నువ్వు ఉత్తరంలో ఆ మాటే రాస్తావు. అందుకని ఆ ముక్క వదిలేసి అసలు సంగతికి వస్తున్నాను.

మా మేడమ్ రాసిన పుస్తకం అచ్చవుతున్నది మీ ప్రెస్సులోనేనట! ఆధునిక చిత్రకళలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన ఉద్యమాల గురించి, ఏకంగా పది అధ్యాయాలు. ఆవిడ చేతిరాత చూస్తే చీమలు సిరాలో పడి లేచి పారిపోయినట్టు ఉంటుంది. అందుకని సాపు ప్రతి మొత్తం నేనే రాసిచ్చాను. కొత్తగా అద్దెకి తీసుకున్న గదిలో సెలవులన్నీ అదే పని. వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ, ఎన్ని మాటలు దొరికాయో! "అధివాస్తవికత" అనే మాట విన్నావా? ఏడో అధ్యాయం అంతా దాని గురించే. రోజంతా ఆ మాటని బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాను. అధి అంటే పైన. మనం చూసే వాస్తవానికి పైన ఇంకో వాస్తవం!

నా రాతని నువ్వు ఎర్ర సిరాతో దిద్దుతావంటే మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చున్నట్టుంది. కాస్త కనికరించు.

తమ్ముడికి రెండు ముక్కలు రాయడానికి అన్నయ్యకి తీరిక లేదా అని నాన్న అడగమన్నాడు. అడిగేశాను. ఇక మీరూ మీరూ చూసుకోండి.

నీ వసపిట్ట

జూన్ 15

వసపిట్టా,

ఉత్తరం అందింది. కులాసా. (నువ్వన్నట్టే రాశాను, చూసుకో.)

మీ మేడమ్ పుస్తకం నా బల్ల మీదే ఉంది. నీ గుండ్రటి అక్షరాలు ముద్దొస్తున్నాయి. మా కంపోజిటర్ తలకిందులాయన కూడా మెచ్చుకున్నాడు. ఆయన్ని ఎరుగుదువు కదా, నలభై ఏళ్ళుగా సీసపు అక్షరాలు తిరగేసి పేర్చి పేర్చి, ఇంట్లో పేపరు కూడా తలకిందులుగా పట్టుకుని చదువుతాడు.

ఇక్కడ నాకొక తలవంపు జరిగింది. మూడో అధ్యాయంలో "చిత్రకళ" అనాల్సిన చోట "చిత్రకల" అని పడింది. నా కంట పడలేదు. అచ్చయ్యాక ఓనరు పట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నా చెయ్యి దాటిపోయిన మొదటి తప్పు. "మాస్టారూ, ఇంకొక్కటి దొర్లిందంటే ఇక ఇంట్లో కూర్చుని పేపర్లో తప్పులు వెతుక్కోండి" అన్నాడు, అందరి ముందూ. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే నన్ను వదలడం లేదు. ప్రూఫులు దిద్దడం తప్ప నాకు ఇంకో పని చేతకాదని నీకు తెలుసు.

అందుకే అడుగుతున్నాను. ఏడో అధ్యాయం రెండో పేజీలో, నీ చేతిరాతతోనే, ఈ వాక్యం ఉంది: "ఆకుపచ్చ గోడ మీద అద్దం కొంచెం ఎడమకి ఒరిగి ఉంది." ముందు వాక్యంతో గానీ వెనక వాక్యంతో గానీ దీనికి పొంతన లేదు. అల్లరికి పెట్టావు కదూ? ఇవాళ పొద్దున కొట్టేశాను. ఇలాంటివి ఇంకా ఎక్కడైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పేయి. నా కళ్ళు ఇదివరకట్లా లేవు.

పెదనాన్న

జూన్ 21

పెదనాన్నా,

ఒట్టు, నేను పెట్టలేదు! నీ ఉద్యోగంతో ఆటలాడతానా?

మేడమ్ రాసిన అసలు కాగితాలు తీయించి చూశాను. వాటిలో ఆ వాక్యం లేదు. కానీ ఆకుపచ్చ గోడా, ఒరిగిన అద్దమూ నా గదివే. ఆలోచిస్తే ఒకటే తోస్తోంది. ఏడో అధ్యాయం రాసేటప్పుడు మధ్యాహ్నం ఎండకి కునుకు పట్టేది. రెప్పలు వాలిపోతున్నా చెయ్యి ఆగేది కాదు. ఆ అధివాస్తవికులు కావాలని చేసిన పని ఇదే తెలుసా? బుర్రని పక్కన పెట్టి, చెయ్యి ఎటు పోతే అటు రాసుకుంటూ పోవడం. వాళ్ళు ఎంతో సాధన చేసిన పనిని నేను నిద్రమత్తులో చేసేశాను! నన్ను చూసి గర్వపడు, తర్వాత తిట్టు.

ఇంకోటి. ఆ అద్దం పోయింది. పదిహేనో తారీఖున కాలేజీ నుంచి వచ్చేసరికి గోడ బోసిగా ఉంది. అద్దం పోతే పోయింది, మేకు దిగిన కన్నం కూడా లేదు. ఇంటావిడని అడిగితే, "ఆ గదిలో అద్దం ఎప్పుడుందమ్మా? పుస్తకాలు కాస్త తగ్గించు" అంది. నా అనుమానం పక్క గది నర్సు మీద. అద్దం ముందు నిలబడిందంటే ఆవిడ డ్యూటీ కూడా మర్చిపోతుంది. కానీ ఆ కన్నం ఎలా పూడ్చిందో అంతు పట్టడం లేదు. ప్రస్తుతానికి పాపిడి అందాజుగా తీసుకుంటున్నాను. ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

నీ వసపిట్ట

జూన్ 28

వసపిట్టా,

నీ నిద్రమత్తు నా మెడకి చుట్టుకునేలా ఉంది. నిన్న ఇంకొకటి తగిలింది. "కిటికీ తెరిస్తే ఎదురింటి మెట్లు కనిపిస్తాయి." వెంటనే కొట్టేశాను. తలకిందులాయనకి ఎదురుగా ఏ అక్షరం ఉంటే ఆ అక్షరం పేర్చడమే తెలుసు, అర్థంతో పని లేదు. కాబట్టి ఆపాల్సింది నేనే. ఇప్పుడు నా తర్వాత ప్రతి ప్రూఫూ ఓనరు తెప్పించుకుని చూస్తున్నాడు. నా వెనక ఇంకో కన్ను పెట్టారన్నమాట.

కావాలని చేయలేదన్నావు, నమ్మాను. పని చేస్తూ కునికితే నేను మాత్రం దాన్ని తప్పు అనే అంటాను. మీ వాళ్ళు దానికి పెద్ద పేరు పెట్టుకున్నారు. అధ్యాయం దిద్దుతున్నాను గానీ నాకు తలకెక్కడం లేదు. వాస్తవానికి పైన అంటే ఎక్కడ? మేడ మీదా? మా ప్రెస్సుకి మేడ లేదు. ఈ ముసలి బుర్రకి పట్టేట్టు రెండు ముక్కల్లో చెప్పు.

అద్దం సంగతి పెద్దది చేయకు. పక్క గది వాళ్ళతో తగువు పడితే ప్రశాంతంగా చదువుకోలేవు.

పెదనాన్న

జూలై 4

పెదనాన్నా,

రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల అవుతుందా? నాలుగు ముక్కల్లో చెప్తాను.

మొదట కొందరు వస్తువుని వదిలేసి దాని మీద పడే వెలుగుని గీశారు. తర్వాత కొందరు వస్తువుని ముక్కలు చేసి, ముందూ వెనకా పక్కలూ ఒకేసారి కనిపించేట్టు గీశారు. అంతలో మహాయుద్ధం వచ్చి లోకమే ముక్కలైపోయింది. అప్పుడు ఇంకొందరు ఒళ్ళు మండి, అర్థం అనే దాన్నే వెక్కిరించారు. దాని పేరు డాడా. ఆ వెక్కిరింతలోంచే అధివాస్తవికులు వచ్చారు. అయితే వీళ్ళు వెక్కిరించి ఊరుకోలేదు. మనకి తెలియకుండా మన లోపల ఇంకోటి పని చేస్తూ ఉంటుంది, కలల్లో కనిపించేది అదే, దాన్ని పట్టపగలు బయటికి తీసుకొస్తాం అన్నారు. అందుకే వాళ్ళ బొమ్మల్లో ప్రతి వస్తువూ అచ్చం ఉన్నట్టే ఉంటుంది, ఉండకూడని చోట ఉంటుంది. మేడ మీద కాదు పెదనాన్నా, మన గదిలోనే. మన గదే, కానీ మనది కాదు.

గది అంటే గుర్తొచ్చింది. ఇంటావిడ నా కిటికీ పూడ్పించేసింది! ఇరవై ఏడో తారీఖున పొద్దున కిటికీ తెరిచి వెళ్ళాను, సాయంత్రానికి గోడ. ఇటుక పెట్టి, సున్నం కొట్టి, ఆకుపచ్చ రంగు కూడా వేసేశారు. చెయ్యి పెట్టి చూస్తే తడి లేదు. అడిగితే, "ఆ వైపు మనకి గోడేనమ్మా మొదట్నుంచీ" అంటుంది, కళ్ళు ఆర్పకుండా. నర్సుని సాక్ష్యం పిలిచాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "జ్వరం లేదే" అంది. నీకు ఇలాంటి ఇంటావిడ తగిలితే ఏం చేస్తావు?

నీ వసపిట్ట

జూలై 11

వసపిట్టా,

నీ ఉత్తరం చదివి నాకు మండిపోయింది. అద్దెకున్న పిల్లని ఒక్కదాన్ని చేసి గాలీ వెలుతురూ లేకుండా చేస్తుందా? ఈ కవర్లోనే ఇంటావిడకి విడిగా ఒక ఉత్తరం పెట్టాను. మర్యాదగానే రాశాను గానీ చివరి పేరాలో కొంచెం ఘాటు ఉంది. అందజేయి. నెలాఖరుకి ఇంకో గది చూసుకో. నాన్నకి నేను చెప్తాను.

అధివాస్తవం మీద నీ నాలుగు ముక్కలూ అర్థమయ్యాయి. మీ మేడమ్ ముప్ఫై పేజీల్లో చెప్పిందే నువ్వు ఒక పేరాలో చెప్పావు. ఎప్పటికైనా నీ పుస్తకం దిద్దాలని ఉంది.

ఇక మన జబ్బు సంగతి. నిన్న, పదో తారీఖున, మూడోది దొరికింది. "మంచం కింద బూడిదరంగు పిల్లి నిద్రపోతోంది." పిల్లిని కూడా వదల్లేదన్నమాట! తీసేశాను. అధ్యాయంలో ఇంకా ఆరు పేజీలు మిగిలాయి. నువ్వు ఆ ఆరు పేజీలూ మెలకువగా రాసి ఉంటే చాలు.

పెదనాన్న

జూలై 18

పెదనాన్నా,

నీ ఉత్తరం ఇంటావిడకి ఇవ్వలేదు. ఆవిడ తప్పు లేదు.

పిల్లి లేదు. అది ఇంటావిడ పిల్లే. రోజూ పాలు పోసేది, నా మంచం కిందకొచ్చి పడుకునేది. పదో తారీఖు నుంచి కనిపించడం లేదు. అడిగితే, "నాకు పిల్లులంటే పడదు, ఇంట్లోకి రానివ్వను" అంది. అబద్ధం ఆడేవాళ్ళ మొహంలా లేదు ఆవిడ మొహం. నిజంగానే తెలియదు.

అప్పుడు నీ ఉత్తరాలు మూడూ మంచం మీద పరిచి తారీఖులు చూశాను. అద్దం పదిహేను. కిటికీ ఇరవై ఏడు. పిల్లి పది. మూడూ నువ్వు కొట్టేసిన రోజులే. పోయేది వస్తువొక్కటే కాదు, అది ఉండేదన్న సంగతి కూడా పోతోంది. రాసింది నేను, కొట్టేసింది నువ్వు కాబట్టి మనిద్దరికే గుర్తుంటోందేమో.

నవ్వుతావేమో, నవ్వు. మేడమ్‌కి చెప్తే నవ్వి, "బ్రహ్మాండంగా ఉంది, వ్యాసంగా రాసి తీసుకురా" అంది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పెదనాన్నా, ఇక ఏమీ కొట్టకు. ఉద్యోగం పోతే మా ఇంటికొచ్చి ఉందువు గాని. మిగిలిన పేజీల్లో నా చెయ్యి ఏం రాసిందో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. గదిలో ఇక మిగిలింది మంచం, ఒక స్టూలు, నేను.

నీ వసపిట్ట

జూలై 18

వసపిట్టా,

వారమైంది, నీ జవాబు లేదు. ఇంటావిడకి రాసిన ఉత్తరం బెడిసికొట్టిందా?

శుభవార్త. ఏడో అధ్యాయం ఇవాళతో పూర్తయింది. చివరి పేజీలో, నూట ఇరవై ఆరులో, నీది ఇంకొకటి ఉంది. "మంచం అంచున కూర్చుని అమ్మాయి పెదనాన్నకి ఉత్తరం రాస్తోంది." చదవగానే నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. నిద్రమత్తులో కూడా నేను గుర్తున్నానన్నమాట. కలం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఓనరు వెనకే నిలబడి, "ఏం మాస్టారూ, కలం కదలడం లేదు, ముహూర్తం కోసమా?" అన్నాడు.

కొట్టేశాను. ఏమీ అనుకోకు. సెలవులకి వచ్చినప్పుడు ఆ వాక్యం నా చేత వెయ్యిసార్లు రాయించుకో.

పెదనాన్న

జూలై 21

వసపిట్టా,

నీ పద్దెనిమిదో తారీఖు ఉత్తరం ఇప్పుడే అందింది. నేను అదే రోజు రాసింది నీకు అందే ఉంటుంది. అది చదివి నవ్వుకుని ఉంటావు. ఇదంతా కాకతాళీయం. పిల్లులు పోతాయి, వస్తాయి. ఇంటి యజమానులు అబద్ధాలు ఆడతారు.

తిరుగు టపాలో ఒక్క ముక్క రాయి. తిట్టు రాసినా సరే.

పెదనాన్న

జూలై 27

వసపిట్టా,

దీన్ని ఎక్కడికి పోస్టు చేయాలో తెలియకుండానే రాస్తున్నాను.

నేను రాసిన రెండు ఉత్తరాలూ తిరిగొచ్చాయి. "ఈ పేరుగలవారు ఇక్కడ లేరు" అని మీద రాసి ఉంది. బస్సెక్కి మీ నాన్న దగ్గరికి పరిగెత్తాను. అమ్మాయి దగ్గర్నుంచి ఏమైనా కబురుందా అంటే, "ఏ అమ్మాయి?" అన్నాడు. నేను నీ పేరు చెప్పాను. వాడు నన్ను అదోలా చూసి, "మాకు పిల్లలు లేరన్న సంగతి ఇవాళ కొత్తగా గుచ్చాలా అన్నయ్యా?" అన్నాడు. మీ అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మీ ఇంట్లో నీ గది ఉన్నచోట బియ్యం మూటలున్నాయి.

రైలెక్కి నీ అద్దె గదికి వెళ్ళాను. ఇంటావిడ మంచిదే పాపం. "ఏడాదిగా ఖాళీగా ఉందండీ, వెలుతురు లేదని ఎవరూ రారు" అంటూ తలుపు తీసి చూపించింది. ఆకుపచ్చ గోడలు. మంచం. స్టూలు. మంచం అంచు మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు దాచుకున్న డబ్బా తీశాను. లోపలున్నవి తెల్ల కాగితాలు. ప్రెస్సులో సాపు ప్రతి చూశాను. అంతా మీ మేడమ్ చీమల రాతే. అందులో కునుకు పట్టిన చెయ్యి ఎక్కడా లేదు.

నాకు మాత్రం నువ్వు గుర్తున్నావు. కొట్టేసిన మాటలన్నీ దిద్దేవాడి బుర్రలో ఉండిపోతాయి.

ఏడో అధ్యాయం రేపు పొద్దున అచ్చుకెళ్తోంది. పొరపాటున కొట్టేసిన మాటని తిరిగి నిలబెట్టడానికి మాకొక గుర్తుంది. దాని కింద వరసగా చుక్కలు పెడతాం. "దీన్ని ఉండనివ్వు" అని అర్థం. ఇవాళ మధ్యాహ్నం నూట ఇరవై ఆరో పేజీ ప్రూఫు తీస్తే, నా ఎర్ర గీతతో నీ వాక్యం ఇంకా అక్కడే ఉంది. దాని కింద చుక్కలు పెట్టాను. తలకిందులాయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, అక్షరాలు పేర్చాడు. ఓనరు వచ్చి, "ఇది పుస్తకంలో ఉండాల్సిందేనా?" అన్నాడు. "రచయిత్రి ఉంచమన్నారు" అన్నాను. పనిలో నేను ఆడిన మొదటి అబద్ధం ఇది.

పెదనాన్న

తారీఖు: తెలియడం లేదు

పెదనాన్నా,

మంచం అంచున కూర్చుని నీకు ఉత్తరం రాస్తున్నాను. ఎంతసేపటి నుంచి రాస్తున్నానో చెప్పలేను. ఆకలి వేయడం లేదు. సిరా అయిపోవడం లేదు. మొదట్లో భలే సరదాగా ఉంది. నాకు తెలిసిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి, పిలవకుండానే.

లేద్దామనుకుంటాను. అంతలో ఇంకో వాక్యం మిగిలి ఉందనిపిస్తుంది. అది రాస్తాను. దాని వెనక ఇంకోటి ఉంటుంది. రాసిన కాగితం పక్కన పెడితే మళ్ళీ కనిపించడం లేదు. నీకు అందుతున్నాయా?

కిటికీ లేదుగా, మరి ఈ వెలుతురు ఎక్కడిది? నా చేతికి నీడ పడడం లేదు. తలుపు ఏ వైపు ఉండేదో చూద్దామంటే తల తిరగడం లేదు. మెడ నొప్పేమీ లేదు, తిరగదంతే. "భయం" అని రాయగలుగుతున్నాను, చూడు, రాశాను. కానీ భయం వేయడం లేదు. అదే కొంచెం వింతగా ఉంది. నువ్వు జవాబు రాస్తే ఆ కాస్సేపన్నా నేను రాయడం ఆపి చదువుతానేమో. ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను

ఆగస్టు 11

వసపిట్టా,

నీ ఉత్తరం పోస్టులో రాలేదు. కొత్తగా వచ్చిన పుస్తకం తెరిస్తే నూట ఇరవై ఆరో పేజీలో మడిచి ఉంది. నీ చేతిరాత చూడగానే ప్రాణం లేచొచ్చింది. చదివాక మళ్ళీ కూలబడ్డాను.

ముందు జరిగింది చెప్తాను. నీ వాక్యంతోనే ఐదు వందల కాపీలూ అచ్చయ్యాయి. మీ మేడమ్ ప్రెస్సుకొచ్చి పెద్ద గొడవ చేసింది. కలలకి అడ్డుకట్ట వేయకూడదని ముప్ఫై పేజీలు రాసిన మనిషి, పిలవకుండా వచ్చిన ఒక్క వాక్యానికి ఎంత మండిపడిందో! ఓనరు ఈసారి నవ్వలేదు. నా కళ్ళజోడు డబ్బా, ఎర్ర సిరా బుడ్డీ సంచిలో వేసుకుని వచ్చేశాను. దానికి బాధ లేదు.

బాధ ఇంకొకందుకు. నీ వాక్యంలో అమ్మాయి కూర్చుని రాస్తోంది. అంతే ఉంది. లేచినట్టు లేదు. నిన్ను ఎలా ఉన్నదానివి అలాగే నిలబెట్టి వచ్చాను.

ఇంకొకరి పుస్తకంలో నా సొంత మాట ఒక్కటి కూడా ఎప్పుడూ పెట్టలేదు. ఇప్పుడు పెట్టాలి. నీ వాక్యం తర్వాత ఎర్ర సిరాతో ఇలా చేర్చాలనుకుంటున్నాను: "అనంతరం ఆమె గది నుండి నిష్క్రమించి వెళ్ళింది." సరిచూడు. ఈ కాగితం అదే పేజీలో పెడుతున్నాను.

పెదనాన్న

తారీఖు: తెలియడం లేదు

పెదనాన్నా,

నీ కాగితం ఒళ్ళో పడింది. అది చదువుతున్నంతసేపూ చెయ్యి ఆగింది. ఎంత హాయిగా ఉందో!

కానీ "నిష్క్రమించి" ఏమిటి, నేనేమైనా నాటకంలో రాణినా? ఇక "వెళ్ళింది" అని రాస్తే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. తలుపు దాటి ఎటో పోయి నిలబడిపోతాను. "వచ్చింది" అని రాయి. వచ్చింది అంటే అక్కడ ఎవరో ఉన్నట్టు. ఇలా దిద్దు: "తర్వాత ఆ అమ్మాయి లేచి, తలుపు తీసుకుని, పెదనాన్న ఇంటికి వచ్చింది."

ప్రూఫు దిద్దేవాడికే ప్రూఫు దిద్దాను. త్వరగా రాయి. చెయ్యి మళ్ళీ మొదలవుతోంది

ఆగస్టు 30

వసపిట్టా,

నువ్వు దిద్దినట్టే రాశాను. నా కాపీలో రాసిన రోజు ఏమీ జరగలేదు. తర్వాత అర్థమైంది, నువ్వు ఒక్క కాపీలో లేవు. ఐదు వందల్లోనూ ఉన్నావు.

తలకిందులాయన ఓనరు భోజనానికి వెళ్ళే వేళల్లో నన్ను గోడౌన్లోకి రానిస్తున్నాడు. నేను రాస్తుంటే ఆయన సిరా ఆరేదాకా ఊదుతాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అక్కడున్న మూడు వందలూ పూర్తయ్యాయి. ఏమైనా తేడా తెలుస్తోందా?

పెదనాన్న

తారీఖు: తెలియడం లేదు

పెదనాన్నా,

పాదాలు నేలకి ఆనాయి! నేల ఉందన్న సంగతే మర్చిపోయాను. మోకాళ్ళలో బలం వస్తోంది. ఇంకా, ఇంకా

సెప్టెంబరు 22

వసపిట్టా,

ఇవాళ్టికి మూడు వందల ఎనభై ఏడు. పుస్తకాల షాపుల్లో కొనేవాడిలా నటిస్తున్నాను. లైబ్రరీల్లో మాత్రం దొరికిపోతున్నాను. నిన్న ఒక లైబ్రేరియన్, "పెద్దవారై ఉండి పుస్తకాల్లో రాతలేంటండీ?" అని కసిరింది. "తప్పొప్పుల పట్టికమ్మా, ప్రెస్సు వాళ్ళు పంపారు" అన్నాను. అబద్ధాలు ఇప్పుడు బాగా వస్తున్నాయి. మిగిలిన నూట పదమూడూ ఎవరెవరో కొనుక్కుని పోయారు. వాళ్ళ ఇళ్ళు వెతకాలి.

పెదనాన్న

తారీఖు: తెలియడం లేదు

పెదనాన్నా,

తలుపు దగ్గరికి వచ్చేశాను. గొళ్ళెం మీద చెయ్యి ఉంది, చల్లగా ఉంది. బయట వీధి చప్పుడు వినిపిస్తోంది.

ఒకసారి వెనక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది. మంచం అంచున ఒకమ్మాయి తల వంచుకుని రాస్తూ కూర్చుంది. అవి నా అక్షరాలే. ఆమె తల ఎత్తలేదు. పిలుద్దామనుకున్నాను, ఏమని పిలవాలో తెలియలేదు. తలుపు తీస్తున్నాను.

అక్టోబరు 6

వసపిట్టా,

నువ్వు మొన్న మధ్యాహ్నం వచ్చావు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఎండకి మొహం ఎర్రబడి, మంచినీళ్ళు అడిగావు. రెండు గ్లాసులు తాగావు. నేను గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ సాయంత్రమే మీ నాన్న వచ్చి, "మా పిల్ల సెలవులకి నీ దగ్గరికే వచ్చిందటగా, మేం కనిపించలేదా?" అని నా మీద ఎగిరాడు. వాడికి ఏమీ తెలియదు. డబ్బాలో నీ పాత ఉత్తరాలకి అక్షరాలు తిరిగొచ్చాయి. అంతా మామూలే అయింది.

ఒక్కటి తప్ప. నువ్వు రాయడం లేదు. చదువు మానేస్తానంటున్నావు. మాట్లాడితే అవుననీ కాదనీ తప్ప ఇంకో మాట రావడం లేదు. "అధివాస్తవికత" అంటే ఏమిటో మళ్ళీ చెప్పమన్నాను, సరదాకి. "ఏదో పెద్ద మాట కదా పెదనాన్నా, గుర్తు లేదు" అన్నావు. చేతికి పెన్ను ఇస్తే దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు చూసి, బల్ల మీద పెట్టేశావు. ఇప్పుడు వరండాలో కూర్చుని వీధిలోకి చూస్తున్నావు.

ఇవాళ పొద్దున పుస్తకం తెరిచాను. నూట ఇరవై ఆరో పేజీలో నీ ఉత్తరం ఉంది. నాలుగు పేజీలు, గుండ్రటి అక్షరాలు, ఎన్నెన్ని మాటలో! చివర్లో, "ఎవరో తలుపు తీసుకుని వెళ్ళిన చప్పుడైంది, అది నేనేనా? ఇంకా ఎన్ని కాపీలున్నాయి పెదనాన్నా?" అని అడిగావు.

నూట పదమూడు. రాసే నువ్వు ఇంకా వాటిలోనే ఉన్నావు. తలకిందులాయన ప్రెస్సులో బిల్లులు తిరగేసి కొన్నవాళ్ళ అడ్రసులు చీటీ మీద ఎక్కించి తెస్తున్నాడు. వరండాలో ఉన్న నీకు ఈ సంగతి చెప్పలేదు. ఎర్ర సిరా బుడ్డీ సంచిలో పెట్టుకున్నాను. బస్సు పదింటికి. చీటీలో మొదటి ఊరి బడి లైబ్రరీలో రెండు కాపీలున్నాయట.

పెదనాన్న